కాలువ గట్టు మీద బోర్డు

ఎండకు బోర్డుల మీద ముందు ఎరుపు పోతుంది, తర్వాత పసుపు. ఆకుపచ్చ చాలాకాలం నిలుస్తుంది. ఫ్రీవే నుంచి మా ఊరికి దిగే చోటు చెప్పే ఎగ్జిట్ బోర్డు ఆకుపచ్చదే గాని, పడమటెండ ఏటవాలుగా కొట్టే చోట ఉండటంవల్ల ఒక పక్క వెలిసిపోయి సున్నం రాలిన గోడలా తయారైంది. అయినా అక్షరాలు దూరం నుంచే తెలిసేవి. లాస్ గ్రూయాస్. బెగ్గురు కొంగలని అర్థం. చలికాలమంతా అవి నది పక్క పొలాల్లో దిగి, కోతల్లో రాలిన మొక్కజొన్న గింజలు ఏరుకు తింటాయి. ఊరికి ఆ పేరు అలా వచ్చింది.

ఆ బోర్డు మీద పొద్దునపూట ఒక చిన్న డేగ కూర్చునేది. అక్కణ్ణుంచి దానికి రెండు వైపులా పొలం కనబడుతుంది. కింద ఎన్ని లారీలు పోయినా కదిలేది కాదు.

ఆల్బుకెర్కీ నుంచి దక్షిణంగా వచ్చే ఆ ఫ్రీవేలో ఒకప్పుడు ఒక ఎగ్జిట్ దాటాక ఇంకొకటి వచ్చేలోపు కునుకు తీయొచ్చు. ఇప్పుడు పట్నం పాకుతూ వచ్చి మా మీద పడింది. కంచెల వెనక ఒకే రంగు ఇళ్ళు, ఒకే ఎత్తు గోడలు, గేటుకు రెండు పక్కలా తెచ్చి పాతిన నాగజెముడు. మా ఊరికి ఉత్తరాన ఎల్ సౌస్ అనే ఎగ్జిట్ ఉండేది. అక్కడ ఊరు పేరు తీసి, గిడ్డంగుల వాళ్ళు వేసిన రోడ్డు పేరు పెట్టారు. ఆ దిగుదారి పక్కన పీచ్ పళ్ళు అమ్మే ముసలాయన కొట్టు రెండో వేసవి చూడలేదు. పళ్ళు బాగుండేవి. జనానికి అతని మీద కోపమూ లేదు. ఎక్కడ దిగాలో తెలియక దాటిపోయారు, అంతే.

అందుకే మా బోర్డు మారుతుందని తెలిసినప్పుడు వేవా వదిన పిండి పిసకడం ఆపింది.

వేవా మా అన్న భార్య. అసలు పేరు హెనోవేవా. అన్న పోయాక దిగుదారి చివర, మట్టి ఇటుకల పాత గాదెను కడిగి సున్నం వేసి, అందులో పొయ్యి పెట్టింది. గోధుమపిండి టోర్టియా రొట్టెలు, ఎర్రమిరప పులుసులో ఉడికిన పందిమాంసం, చిక్కుడు గింజలు. ఇంకేమీ ఉండవు. ఊళ్ళోవాళ్ళు అక్కడ పెద్దగా తినరు, ఇళ్ళలో వండుకుంటారు. ఆమె బతుకు దారిన పోయేవాళ్ళ మీద. లాస్ క్రూసెస్ పోయేవాళ్ళు, ఎల్ పాసో పోయేవాళ్ళు ఒకళ్ళకొకళ్ళు చెప్పుకుంటారు: గ్రూయాస్ దగ్గర దిగు, ఎడమకు తిరుగు, మిరపకాయలు కాలే వాసన వస్తుంది. కొట్టుకు బోర్డు లేదు. మావాళ్ళకు రాసి పెట్టుకునే అలవాటు లేదు. తెలిసినవాడికి అక్కర్లేదు, తెలియనివాడు అడుగుతాడు, అనుకుంటాం. మా రోడ్డుకు కూడా అంతే. మా ముత్తాతల నాటి నుంచి ఉన్న రోడ్డు. దాని మీద ఎవరూ ఎప్పుడూ ఒక పేరు పాతలేదు.

కబురు తెచ్చింది లొరేన్ అబెయిటా. రోడ్ల శాఖలో బోర్డుల పని చూసే మనిషి. నది ఎగువన ఇస్లేటా అనే ఊరివాళ్ళ పిల్ల. ఆ దారిన వచ్చినప్పుడల్లా వేవా దగ్గరే భోంచేస్తుంది. ఆ రోజు తిండి అయ్యాక, చేతులు తుడుచుకుని, ముందే చెప్పడం మర్యాద అని చెప్పింది. ఫ్రీవే పొడుగునా పాత బోర్డులన్నీ తీసేస్తున్నారు. కొత్త పద్ధతి ప్రకారం ఎగ్జిట్ మీద ఊరి పేరు రాయరు, కిందున్న రోడ్డు పేరు రాస్తారు.

వేవా అడిగింది. "మా పేరు ఎవరు తీసేస్తన్నారమ్మా?"

"ఎవరూ తీయడం లేదు పెద్దమ్మా. దిగుదారి చివర నేల మీద ఏ పేరు నిలబడి ఉంటే అది రాస్తాం. నేను చూసొచ్చా. అక్కడ ఒకటే పేరుంది."

కిటికీలోంచి ఆ పేరు కనబడుతూనే ఉంది. మిరడోర్ స్ప్రింగ్స్ బులెవార్డ్. ఆకుపచ్చ రేకు, తెల్ల అక్షరాలు, నిటారు స్తంభం. మా ఊరి బీళ్ళలో రిటైరైనవాళ్ళ కోసం కట్టిన కాలనీ పేరు అది. స్ప్రింగ్స్ అంటే ఊటలట. అక్కడ ఊట ఎన్నడూ లేదు. వాళ్ళ చెట్లకు పోయే నీళ్ళు మా కాలువవే.

బోర్డు పాతింది ఆ కాలనీ పెద్ద, మెర్ల్ ఓస్గుడ్. అయోవాలో ట్రాక్టర్లు అమ్మిన మనిషి. పొడుగ్గా, కొంచెం వంగి ఉంటాడు. రోజూ పొద్దున వేవా దగ్గర కాఫీ తాగుతాడు. అప్పుడు కూడా గోడ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. ఆ మాటలు విని దాక్కోలేదు. లేచి వచ్చి, తాను ఆ పేరు ఫ్రీవే మీదికి ఎక్కుతుందని పెట్టలేదని చెప్పాడు. అంతకు ముందు చలికాలం అతని భార్య స్నానాల గదిలో జారిపడింది. ఆంబులెన్స్ ఈ రోడ్డు పేరు తెలియక ఎగ్జిట్ దాటిపోయి, తర్వాతి ఎగ్జిట్ దాకా వెళ్ళి తిరిగొచ్చింది. చివరికి వేవా దిగుదారిలో నిలబడి ఏప్రాన్ విప్పి ఊపితే గాని ఇటు తిరగలేదు. ఆ వారంలోనే అతను బోర్డు పాతాడు.

"నీ మీద నాకేం లేదు వేవా," అన్నాడు. "కాని మీరు అంతకాలంగా ఉన్నారు గదా ఇక్కడ. ఒక రేకు ముక్క పెట్టుకోలేకపోయారా?"

"సొంత ఇంటి తలుపు మీద పేరు ఎవరు రాసుకుంటారయ్యా?"

"పోస్టు మనిషి వచ్చే ఊళ్ళో అందరూ రాసుకుంటారు."

ఆమె నవ్వలేదు. కాఫీ మాత్రం ఇంకొంచెం పోసింది. నేను చూశాను.

లొరేన్ బడిలో ఒక మీటింగ్ పెట్టించింది. ఊరివాళ్ళు తమ రోడ్డుకు ఒక పేరు చెప్పి, ఆ పేరు నేల మీద నిలబెడితే, అది కాలనీ బోర్డుకన్నా దిగుదారికి దగ్గరగా ఉంటే, తాను దాన్నే రాస్తానంది. అంతకన్నా మంచి మాట ఎవరూ చెప్పలేరు. వదిన ముందు వరసలో, మంచి కోటు వేసుకుని కూర్చుంది. పని అయిపోయినట్టే అనుకుంది.

లొరేన్ అడిగింది, మీ రోడ్డు పేరేంటని.

మర రోడ్డు అన్నారు ఒకరు. ఒకప్పుడు దాని చివర పిండిమర ఉండేది. మర ఉన్నప్పుడు కూడా అది గుడి రోడ్డే అన్నారు ఇంకొకరు. వెనక నుంచి ఒకావిడ, తన పుట్టింటివాళ్ళు దాన్ని రేవు దారి అనేవాళ్ళని చెప్పింది. అప్పుడు టోబియాస్ గబల్దోన్ లేచాడు. అతను నా భార్య అన్న. లేస్తే తొందరగా కూర్చోడు. మర కట్టింది తన తాత గనక, మర కోసమే రోడ్డు వేశారు గనక, అది గబల్దోన్ రోడ్డేనన్నాడు. బాకా ఇంటివాళ్ళు నవ్వారు. మర కట్టిన స్థలం తమదని వాళ్ళు. ఆ పైన మాట రోడ్డు దాటి, చచ్చిపోయినవాళ్ళ మీదికీ, ఎవరో ఎవరికో తిరిగివ్వని ఒక కంచరగాడిద మీదికీ పోయింది.

లాస్ గ్రూయాస్ అని ఎవరూ అనలేదు. అది ఊరి పేరు. రోడ్డు పేరు అడిగితే మావాళ్ళు ఊరి పేరు చెప్పరు.

లొరేన్ కాసేపు విని, కాగితాలు సర్దుకుంది. విసుక్కోలేదు. కొంగలు వెళ్ళిపోయాక, కాటన్‌వుడ్ చెట్లు చిగురు వేసే వేళకు మళ్ళీ వస్తానంది. అప్పటికి ఏది నిలబడి ఉంటే అది రాస్తానంది. తలుపు దగ్గర వేవా చెయ్యి పట్టుకుని, మా ఊళ్ళో అయినా ఇదే జరిగేది పెద్దమ్మా, అని వెళ్ళిపోయింది.

తర్వాత కొన్నాళ్ళు ఊళ్ళో అందరూ అందరితో ఆ రోడ్డు గురించే మాట్లాడారు. పేరు ఒక్కటి కాలేదు సరిగదా, కొత్తవి రెండు పుట్టాయి. టోబియాస్ మా పెరట్లోకి వచ్చి మర గురించి నాకు మొదటి నుంచి చెప్పాడు. నేను పారకు పిడి ఎక్కిస్తున్నాను. చెప్పడం అయ్యాక, ఏమంటావని అడిగాడు. పిడి బిగిసిందన్నాను.

మా ఊళ్ళో కాలువ పెద్దను నేనే. దాని గురించి రెండు మాటలు చెప్పాలి. నది నుంచి వచ్చే కాలువ అందరిదీ. వసంతం మొదట్లో, నీళ్ళు వదిలే ముందు, కాలువ మీద పొలం ఉన్న ప్రతి ఇంటి నుంచి ఒక మనిషి పార పట్టుకుని వచ్చి పూడిక తీయాలి. నేను పార పిడితో నేల మీద గీతలు గీసి వంతులు పెడతాను. వంతు అయినవాడు ఆగుతాడు. అందరిదీ అయ్యాక నేను ముందుకు అంటే ముందుకు కదులుతారు. ఆ రోజు కాలువ పెద్ద మాటకు ఎదురు లేదు. నచ్చనివాడు ఇంటికి పోవచ్చు. అతని పొలానికి నీళ్ళు వదిలే మదుగు మాత్రం ఆ ఏడు తెరుచుకోదు. గవర్నరుకు పొలం ఉన్నా అంతే. మిగతా ఏడాది నా మాటకు పిల్లి కూడా తల తిప్పదు.

ఒక సాయంత్రం వదిన నా వంటింట్లోకి వచ్చి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మరిదీ, ఏడాది పొడుగునా మాటలు దాచుకుంటావు. పూడిక రోజు ఒకటి ఖర్చు పెట్టు."

అది కాలువ వరకేనని చెప్పాను. రోడ్డు మీద నాకు అధికారం లేదు. లేనిది వాడితే, మరుసటేడు కాలువ మీదున్నది కూడా పోతుంది. టోబియాస్ లాంటివాడు దాన్ని జన్మలో మరిచిపోడు.

ఆమె వాదించలేదు. లేచి వెళ్తూ, తలుపు దగ్గర ఆగి, వచ్చే ఏడు ఈపాటికి నా కొట్టులో నువ్వు గడ్డి దాచుకోవచ్చులే, చోటు బాగుంటుంది, అంది. కోపంగా అనలేదు. లెక్క చెప్పినట్టు అంది.

మర్నాడు నేను కాలువ వెంట నడిచాను. ప్రతి ఏడూ పూడిక తీతకు ముందు నడుస్తాను. ఎలుక బొరియలు, కూలిన గట్టు, కంపలు ఎక్కడున్నాయో చూసుకోవాలి. దిగుదారికి కొంచెం ఇవతల కాలువ మా రోడ్డు కింద నుంచి తూములో దూరి అవతలికి పోతుంది. ఆ తూము మూతి ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. రోడ్డు చదును చేసే బండి దాన్ని తొక్కింది. గడ్డి మొలిచాక తూము ఎక్కడుందో బండివాడికి కనబడదు. మా నాన్న కాలంలో అక్కడ ఒక కర్ర పాతి తెల్లగుడ్డ కట్టేవాళ్ళు. కర్ర పుచ్చిపోయాక ఎవరూ మళ్ళీ పాతలేదు. అదీ మా అలవాటే.

నేను అక్కడ కొంతసేపు నిలబడ్డాను. తూముకు రెండు పక్కలా కాలువ గట్టు, రోడ్డు అంచు దాకా, కాలువదే. రోడ్డు రాకముందు నుంచీ కాలువదే. అక్కడ ఒక స్తంభం పాతడం కాలువ పని. దాని మీద కాలువ పేరు రాయడం కాలువ పని. కాలువ పేరు మీద ఊళ్ళో ఎన్నడూ గొడవ రాలేదు. లాస్ గ్రూయాస్ కాలువ. ఆ పేరు మీదే అందరూ నీళ్ళు తీసుకుంటారు, ఆ పేరు మీదే అందరూ తవ్వుతారు. ఫ్రీవే నుంచి దిగేవాడికి ముందుగా కనబడేది ఆ గట్టే. ఓస్గుడ్ బోర్డు దానికి అవతల ఉంది.

వదిన దగ్గరికి వెళ్ళి, తూము దగ్గర స్తంభం పాతాలన్నాను. రేకు మీద ఏం రాయించాలో చెప్పాను.

"లాస్ గ్రూయాస్ అని చాలదా? కాలువ అని కూడా రాయాలా?"

"పేరు చాలు. అది కాలువ గట్టని ఊరందరికీ తెలుసు."

ఆమె పెనం మీద టోర్టియా తిప్పింది. "నేనడిగింది కూడా అంతే గదా," అంది.

ఆ వారమే పట్నం వెళ్ళి రేకు చేయించుకొచ్చింది. రోడ్ల శాఖవాళ్ళు వాడే ఆకుపచ్చే, వాళ్ళు వాడే అక్షరాలే. పిండి సంచుల్లో చుట్టి మంచం కింద పెట్టింది. ఎవరికీ చెప్పలేదు.

ఓస్గుడ్ సంగతి ఆమె వేరేగా చూసుకుంది. కాలనీవాళ్ళు పాత బాకా తోటలు కొన్నారు గనక కాలువలో వాళ్ళకూ వంతు ఉంది. ప్రతి ఏడూ ఎవరో కూలీని పంపేవాళ్ళు. ఈసారి కాఫీ పోస్తూ అందట, నీ పీచ్ చెట్లు పూత మీదున్నాయి గదా, నువ్వు మా కాలువ ఎప్పుడన్నా కళ్ళతో చూశావా, అని. అతను కప్పు సగంలో వదిలేసి వెళ్ళాడట. వదిన దాన్ని మంచి గుర్తుగా తీసుకుంది.

పూడిక రోజు పొద్దున చలిగా ఉంది. కొంగలు ఉత్తరానికి పోతున్నాయి. చాలా ఎత్తులో, గొంతులు మాత్రం కిందికి వినబడుతూ. జనం కాలువ మొదటి మదుగు దగ్గర పారలు భుజాన వేసుకుని చేరారు. చివర్లో ఓస్గుడ్ నడిచి వచ్చాడు. పార సొంతది. అంచు ఆకురాయితో పదును పెట్టి ఉంది. పిడి పట్టు దగ్గర నున్నగా అరిగి ఉంది. అది కొత్తగా కొన్న పార కాదని చూడగానే తెలిసింది. నేను గీత గీసి అతని వంతు టోబియాస్ వంతు పక్కన పెట్టాను.

అతను తవ్వడం చూశాను. మోకాలు ఊతం పెట్టి, మట్టిని ఎత్తకుండా జార్చి గట్టెక్కిస్తాడు. పక్కలు కత్తితో కోసినట్టు నిటారుగా వస్తున్నాయి. టోబియాస్ ఆగి చూశాడు.

"ఏందయ్యా, కాలువ తీయమంటే గొయ్యి తవ్వుతన్నావు?"

"లోపల పెట్టే మనిషి వచ్చి కొంచెం పడుకుంటే కొలత చూసుకుంటా," అన్నాడు ఓస్గుడ్.

పక్క వంతులవాళ్ళు పారలు ఆపి నవ్వారు. టోబియాస్ కూడా నవ్వాడు, కొంచెం ఆలస్యంగా. ఆ తర్వాత ఇద్దరూ ట్రాక్టర్ల గురించి మాట్లాడుకున్నారు. టోబియాస్ ఎప్పుడో అమ్మేసిన ఎర్ర ట్రాక్టరు ఏ ఏడు తయారైందో ఓస్గుడ్ దాని గేరు కర్ర వంపు అడిగి చెప్పేశాడు. మధ్యలో నేను ముందుకు అన్నాను. అందరూ కదిలారు.

మధ్యాహ్నం దాటాక రోడ్డు దగ్గరికి చేరాం. తూము మూతి చుట్టూ మట్టి తీసి, నొక్కుకుపోయిన అంచును ఇనుప గునపంతో లాగి సరిచేశాం. అప్పుడు నేను గట్టు మీద పార పిడితో ఒక గుండ్రం గీశాను. ఇక్కడ స్తంభం పాతాలన్నాను. టోబియాస్‌నూ ఓస్గుడ్‌నూ తవ్వమన్నాను.

వేవా వదిన అప్పటికే అక్కడుంది. తిండి తెచ్చిన బండిలోంచి ఒక స్తంభమూ, పిండి సంచుల మూటా దింపి, మూట విప్పి, రేకును గట్టుకు ఆనించింది.

అందరూ పారలు దించి దగ్గరికి వచ్చారు.

టోబియాస్ రేకు చదివాడు. పార నేలకు గుచ్చి, పిడి మీద చేతులు పెట్టుకున్నాడు. "బావా, ఇది కాలువ పనా, రోడ్డు పనా?"

"తూము పని."

"దీని మీద మా తాత పేరెందుకు లేదు?"

"పొద్దున్నుంచి ఎవరి కాలువ తవ్వావు?"

అతను తన వెనక తవ్వి వచ్చిన కాలువను చూశాడు. తన వంతు, ఓస్గుడ్ వంతు, బాకాల వంతు, అంతా ఒకే లోతున మెరుస్తోంది.

"గ్రూయాస్ కాలువ," అన్నాడు.

"అయితే తవ్వు."

అతను తవ్వడం మొదలుపెట్టాడు. గొణుక్కుంటూనే, కాని తవ్వాడు.

ఓస్గుడ్ మాత్రం కదలలేదు. అతనికి అర్థమైంది. ఆ గుండ్రం ఎక్కడ గీశానో, దిగుదారి నుంచి దిగేవాడికి ఏది ముందు కనబడుతుందో చూసుకున్నాడు. ఒకసారి తన బోర్డు వైపు, ఒకసారి ఫ్రీవే వైపు చూశాడు. అతను పార భుజాన వేసుకుని వెళ్ళిపోతే నేను అతని మదుగు మూయాలి. పూత మీదున్న చెట్లు ఎండిపోతాయి. వెళ్తే మూసేవాణ్ణే. అది నాకు తెలుసు, అతనికీ తెలుసు. కాని ఆ సంగతి నేను నోటితో అనలేదు. అని ఉంటే వెళ్ళిపోయేవాడేమో.

అతను వేవాను అడిగాడు. "ఆంబులెన్స్ నడిపేవాడికి ఇది కనబడుతుందా?"

"ఆ రోజు నా ఏప్రాన్ కనబడింది గదా. దానికన్నా ఇది పెద్దదే."

"ఏప్రాన్‌ని నువ్వు ఊపావు."

"అయితే నువ్వే చెప్పు, ఎట్టా పెట్టాలో."

అతను రేకు దగ్గరికి వెళ్ళి, అక్షరాల మీద బొటనవేలు వేసి చూశాడు. వెనక్కి నడిచి దిగుదారి అంచున నిలబడి, బండిలో కూర్చున్నవాడి ఎత్తుకు వంగి, ఒక కన్ను మూసి చూశాడు. తిరిగొచ్చి, స్తంభం పొట్టిదన్నాడు. గడ్డి పెరిగితే కింది అంచు మునిగిపోతుందన్నాడు. తన షెడ్డులో పొడుగు ఇనుప స్తంభం ఒకటి ఉందనీ, బోర్డు పాతినప్పుడు మిగిలిందనీ చెప్పి, అడగకుండానే వెళ్ళి పికప్ బండిలో వేసుకొచ్చాడు. సిమెంటు సంచి కూడా తెచ్చాడు. స్తంభం నిటారుగా ఉందో లేదో చూసే నీటిమట్టం తెచ్చాడు. టోబియాస్ కంటితో చూసి సరిగ్గా ఉందన్నాడు. ఓస్గుడ్ మట్టం పెట్టి చూస్తే సరిగ్గానే ఉంది. ఆ సంగతి టోబియాస్ ఇప్పటికీ చెబుతుంటాడు.

బిగించాక ఓస్గుడ్ చేతులు దులుపుకుంటూ వేవాతో అన్నాడు, "నేను పెట్టిన పేరే ఫ్రీవే ఎక్కాలని నాకు లేదు. మా లోర్నాకు మళ్ళీ ఏమన్నా అయితే బండి దారి తప్పగూడదు. అంతే."

"తప్పదు," అంది వదిన. "తప్పితే నేనున్నా."

గట్టు మీదే కూర్చుని తిన్నాం. టోర్టియాలు సంచిలో ఇంకా వేడిగా ఉన్నాయి.

లొరేన్ వచ్చేసరికి కాటన్‌వుడ్‌లు ఆ లేతపసుపు ఆకుపచ్చకు తిరిగాయి. కాలువలో నీళ్ళు పారుతున్నాయి. ఆమె బండి దిగి, స్తంభం చుట్టూ తిరిగి, స్థలం ఎవరిదని నన్ను అడిగింది. కాలువదన్నాను. గట్టు వెంట కొంత దూరం నడిచి, నీళ్ళు చూసి, బాగా తీశారంది. తమ ఊళ్ళో ఈసారి వాన అడ్డొచ్చి ఆలస్యమైందని చెప్పింది. తర్వాత కొట్టులోకి వచ్చి, అక్కడున్న టోబియాస్‌ను, మీ రోడ్డు పేరేంటని అడిగింది. వదిన పెనం మీద చెయ్యి అలాగే ఆపింది.

"గ్రూయాస్ రోడ్డు," అన్నాడు టోబియాస్. "ఇంకేముంటది? తూము దగ్గర రాసుంది గదా. నేనే పాతా."

లొరేన్ రాసుకుంది. పెద్ద బోర్డు మీద ఒక పేరుకే చోటుందనీ, కాని దాని వెనకాల దిగుదారి మలుపులో చిన్న బోర్డు వేరే పెట్టొచ్చనీ, కాలనీ పేరు దాని మీద రాస్తే ఆంబులెన్స్‌వాళ్ళకు సందేహం ఉండదనీ ఓస్గుడ్‌కు చెప్పింది. అతను కాఫీ కప్పు లోపలికి చూస్తూ, ఎంత చిన్నదని అడిగాడు. ఆమె చేతులు చాపి చూపించింది. ఫరవాలేదన్నాడు.

వేసవి మొదట్లో ఒక పొద్దున ఫ్రీవేలో ఒక పక్క దారి మూసి, లారీ మీది క్రేనుతో పాత బోర్డు దింపారు. కొత్తది ఎక్కించారు. నేను గట్టు మీద నుంచి చూశాను. డేగ చాలాసేపు పైన తిరిగి, కరెంటు తీగ మీదికి పోయి కూర్చుంది. తర్వాత ఎన్నాళ్ళకో కొత్త బోర్డుకు అలవాటు పడింది. వదిన మాత్రం చూడ్డానికి రాలేదు. మధ్యాహ్నానికి పిండి కలపాలంది.

ఆ మధ్యాహ్నం కొట్టు నిండింది. లాస్ క్రూసెస్ పోయే ఒక కుటుంబం, గడ్డి బేళ్ళ లారీవాళ్ళు, పట్నం నుంచి ఇద్దరు ఆడవాళ్ళు. లోర్నా ఓస్గుడ్ కూడా చేతికర్ర ఊతంతో వచ్చి, భర్త పక్కన కూర్చుంది. బోర్డు చక్కగా ఉందనీ, చాలా దూరం నుంచి కనబడిందనీ ఆ కుటుంబంలో పెద్దాయన చెప్పాడు. పెద్ద తెల్ల అక్షరాలు. లాస్ గ్రూయాస్ రోడ్.

ఓస్గుడ్ తలుపు దాకా వెళ్ళి, బయట గోడ పైన ఖాళీగా ఉన్న సున్నం వైపు చూసి, లోపలికి వచ్చాడు.

"వేవా, అంతా అయింది. ఇంక నీ కొట్టుకు కూడా ఒక బోర్డు పెట్టిస్తా. స్తంభం కూడా అక్కర్లేదు."

"నాకెందుకయ్యా? ఫ్రీవే మీద అంత పెద్దది పెట్టారు గదా," అంది వదిన, పిండి ముద్దను చేతుల మధ్య సాగదీస్తూ. "జరిగి కూర్చో. ఆ ఆడవాళ్ళకు చోటివ్వు."